ముందు వెళ్లిన పెట్టె

హేమశ్రీకి కోపం వస్తే నడక మారుతుంది. ఆ ఉదయం రాజమండ్రిలోని ట్రావెల్స్ ఆఫీసు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే సత్యప్రసాద్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఆమె చేతిలోని టూర్ ప్లాన్ బల్ల మీద పెట్టింది. పెట్టింది అనకూడదు, కొట్టింది.

"ప్యారిస్‌కి మూడు రోజులు, రోమ్‌కి మూడు రోజులు, ఆమ్‌స్టర్‌డామ్‌కి ఆరు గంటలా?"

"అందరూ ప్యారిస్సే అడుగుతారండి. ఫొటోలు బాగా వస్తాయని."

"అందరి సంగతీ నాకెందుకండి? మేం వెళ్లేదే తులిప్ తోటల కోసం."

అది నిజం. కడియంలో వాళ్ల నర్సరీ షెడ్డు గోడకి ఏనాటిదో ఒక క్యాలెండర్ కాగితం అంటించి ఉంది. ఎర్రటి తులిప్ పూల బారులు, వాటి వెనక ఒక గాలిమర. హేమశ్రీ తండ్రి శివరామకృష్ణగారు ముప్పై ఏళ్లుగా దేశం నలుమూలలకీ లారీల మీద మొక్కలు పంపారు గానీ, ఆ కాగితంలోని తోట చూసే తీరిక చేసుకోలేదు. మూడుసార్లు ప్రయాణం అనుకున్నారు. ఒకసారి లారీ లోడు అడ్డొచ్చింది, ఒకసారి వాన, ఒకసారి పంచాంగం. ఊరందరికీ తోటలు వేయించి, తన సరదా మాత్రం వాయిదా వేసుకునే తండ్రిని చూస్తే హేమశ్రీకి ఒళ్లు మండేది. ఈ ఏప్రిల్లో ఎలాగైనా ఆయన్ని ఆ పూల మధ్య నిలబెట్టాలని పట్టు పట్టింది.

తండ్రిని ఏమీ అనలేకపోయేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అదంతా సత్యప్రసాద్ మీద పడింది. నెల రోజుల్లో ఏడుసార్లు వచ్చింది, ఏడుసార్లూ పోట్లాడింది. బ్రసెల్స్ హోటల్లో లిఫ్ట్ లేదని ఒకసారి. జ్యూరిక్‌లో రైలు మారడానికి పది నిమిషాలే ఉంది, మా అమ్మ ఆ మోకాళ్లతో పరిగెత్తాలా అని ఇంకోసారి. అతను ఎదురు చెప్పకుండా మార్చేసి, పైన ఇంట్లోంచి తల్లి పంపిన టీ ఆమె ముందుకి జరిపేవాడు. ఆమె పోట్లాడుతూనే తాగేది. ఫోన్‌లో తిడితే పోయేదానికి కడియం నుంచి స్కూటీ మీద ఎందుకొస్తోందో ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే ఆ కోపం కూడా అతని మీదే చూపించేది.

చివరికి ఆమ్‌స్టర్‌డామ్‌కి మూడు రోజులు కుదిరాయి. వీసాలు వచ్చాయి. తీరా టికెట్లు చూస్తే బయలుదేరేది మంగళవారం. హేమశ్రీ తేదీ చూసుకుంది గానీ వారం చూసుకోలేదు.

శివరామకృష్ణగారు టికెట్ మడిచి కూతురికి ఇచ్చేశారు. "మంగళవారం నేను గడప దాటనమ్మా. నువ్వూ అమ్మా వెళ్లి రండి."

ఆ వారంలో మరో రోజుకి టికెట్లు లేవు. ఆ తర్వాత పూలుండవు. హేమశ్రీ కుండీల మధ్య నిలబడి సత్యప్రసాద్‌కి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో క్యాలెండర్ లేదా? మంగళవారం పెట్టారేంటి?"

"తేదీ మీరే ఓకే చేశారండి."

"నేను చేస్తే మీరు చెప్పొద్దా? మా నాన్న రానంటున్నారు. ఆయన రాకపోతే ఆ యూరప్ ఎవరికి కావాలి?"

అతని జవాబు వినకుండానే ఫోన్ పెట్టేసింది.

గంట తిరక్కుండా సత్యప్రసాద్ బైకు నర్సరీ ముందు ఆగింది. ఆమె వైపు చూడకుండా నేరుగా ఆమె తండ్రి దగ్గరికి వెళ్లాడు.

"ఇందాక ఫోన్ మాట్లాడుతుంటే మా అమ్మ విందండి. ప్రస్థానం పెడితే సరిపోదా అని అడగమంది."

పాత ఆనవాయితీ అది. మంచి గడియలో ప్రయాణపు పెట్టె ఒకటి దారిలో ఉన్న మరో ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. "మా నాన్నగారు పెట్టేవారు, నేనే మర్చిపోయాను," అన్నారు శివరామకృష్ణగారు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర బాగుందన్నారు. ఎవరింట్లో పెట్టాలన్నదే మిగిలింది.

"ఎయిర్‌పోర్టు దారిలో మా ఇల్లుందండి," అన్నాడు సత్యప్రసాద్.

"ప్రయాణం కట్టించింది నువ్వు, నీ పెట్టే వెళ్లాలి" అంటూ, తండ్రి తన కండువా కూడా హేమశ్రీ ఎర్ర సూట్‌కేసులో పెట్టారు. ఆదివారం సత్యప్రసాద్ తల్లి చిన్నమ్మాయిగారు దానికి కుంకుమ బొట్టు పెట్టి, ముందు గదిలో గోడవారగా నిలబెట్టించి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

"మంగళవారం పొద్దున వచ్చి తీసుకెళ్తాను," అంది హేమశ్రీ.

"తీసుకెళ్లకపోయినా పర్లేదండి." అతను పెట్టె వైపే చూస్తూ అన్నాడు. "అది ఇక్కడుంటే బాగుంది. మీరూ ఉంటే ఇంకా బాగుంటుంది."

ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. "ఏడుసార్లు వచ్చాను. ఒక్కసారైనా నోరు విప్పారా? ప్రయాణం ముందు చెబితే నేనెప్పుడు ఆలోచించుకోవాలి? నాకూ ఆరు గంటలేనా?"

"పన్నెండు రోజులండి. ఐదు ఊళ్లు. ప్లాన్ మీదే కదా."

ఆమె టీ కూడా తాగకుండా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగిపోయింది.

తులిప్ తోటలో శివరామకృష్ణగారు గట్టు పక్కన గొంతుక్కూర్చుని, ముందు మట్టి నలిపి చూశారు, తర్వాత పూలు చూశారు. కాసేపటికి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. హేమశ్రీకి ఏడుపొచ్చింది, అలాగే ఆయన్ని ఫొటో తీసింది. ఆ ఫొటో మొదట ఎవరికి పంపాలనిపించిందో తెలిసి తన మీద తనకే కోపమొచ్చింది. అయినా పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: "ఆరు గంటలు చాలేవి కావు."

"తెలిసిందండి," అని జవాబొచ్చింది.

తిరిగొచ్చిన ఉదయం ఎయిర్‌పోర్టు నుంచి కారు నేరుగా కడియం వెళ్లలేదు. సత్యప్రసాద్ ఇంటి ముందు ఆగింది. హేమశ్రీ ఎర్ర సూట్‌కేసు మోసుకుంటూ పైకి వచ్చి, మునుపటి చోటే గోడవారగా నిలబెట్టింది.

"ఇదేంటండి? ప్రయాణం అయిపోయిందిగా," అన్నాడతను.

"నాన్న విమానంలోనే పంచాంగం చూశారు. పదింటి దాకా మంచిదట."

సత్యప్రసాద్ కిటికీలోంచి చూశాడు. కింద కారు పక్కన శివరామకృష్ణగారు వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. పైకి చూసి తలూపారు.

"పెట్టె ముందొచ్చింది," అంది హేమశ్రీ. "మనిషి ఎప్పుడు రావాలో మా నాన్నా, మీ అమ్మగారూ చూసుకుంటారు."

మెట్ల దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"తేదీ నేను ఓకే చేసినా వారం మీరు చూడండి. ఈసారి కూడా మంగళవారం పెట్టారంటే ఊరుకోను."