తన్నుడు స్టెప్పు

తెల్లారి ఆరింటికి గౌలిపుర సందులో ఆండాలు ఎప్పటిలాగే గడప దగ్గర కూర్చుని పాలు పోస్తోంది. కోడలు పూజిత వెనక నిలబడి గిన్నెలు అందిస్తోంది.

ఎదురింటి సుందరమ్మ వస్తూనే నవ్వింది. "ఏందే ఆండాలక్కా, గింత పెద్ద పాటగత్తెవై ఇంకా పాలే పోస్తున్నవా? నిన్న పెండ్లి బరాత్‌ల మొత్తం నీ పాటే! మా మనుమడైతే ఇగో, గిట్ల!" అంటూ చీర కాస్త ఎత్తిపట్టి, కుడికాలితో గాలిని రెండుసార్లు తన్నింది.

"నా పాటేంది?"

"మీ వేణు ఆల్బంల ఉన్నదే! 'తన్నిన కాలు నేనే కడిగితి' అంటవు చూడు. నీ గొంతు నాకెరుక గాదా?"

ఆండాలు చేతిలోని కొలత గిన్నె వంగింది. పాలు గడప మీదుగా మురుగు మోరీలోకి పారాయి. ఆమె చూడనేలేదు.

కొడుకు వేణుగోపాల్ మిత్రులతో కలిసి ఎనిమిదేళ్లుగా పల్లెపాటల బ్యాండు నడుపుతున్నాడు. పెళ్లిళ్లలో అన్నాల వేళ పాడేవాళ్లు, వినేవాళ్లు తక్కువ. పోయిన నెల వచ్చిన ఆల్బం ఒక్కసారిగా ఊరంతా మోగింది. అమ్మకు మాత్రం ఇంకా వినిపించలేదు. ఈ రోజు సాయంత్రమే సన్మానం. అమ్మను కూడా తీసుకుపోతానని, ఎందుకో అక్కడే చెబుతానని అన్నాడు.

"పెట్టు," అంది ఆండాలు కోడలితో. పూజిత ఫోనులో పాట పెట్టింది.

డప్పుల మోత మధ్య ఒక ఆడగొంతు ఏడుస్తోంది. ఆ ఏడుపును కత్తిరించి, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ అతికించారు. తన్నిన కాలు, తన్నిన కాలు. తెరమీద పెళ్లికొడుకులు, కాలేజీ పిల్లలు, బొజ్జ ఊపుకుంటూ ఒక పెద్దమనిషి, అందరూ నవ్వుతూ కాలు విసురుతున్నారు.

ఆండాలు లేచి మోరీలో ఉమ్మింది. నోరు పుక్కిలించి మళ్లీ ఉమ్మింది, కుళ్లినదేదో నాలుకకు అంటినట్టు.

అప్పుడే వేణుగోపాల్ పట్టుచీర కవరుతో లోపలికొచ్చాడు. "అమ్మా, చూడు. సాయంత్రం గిదే కట్టుకోవాలె."

"నా ఏడుపు ఎప్పుడు పట్టుకున్నవురా ఫోన్ల?"

అతని నవ్వు ఆగిపోయింది. "బాపు పోయిన రోజు. యాదికుంటదని..."

మూడేళ్ల కింద రామ్‌చందర్ శవాన్ని ఈ వాకిట్లోనే పడుకోబెట్టారు. ఆండాలు అతని కాళ్లు కడుగుతూ రాగం తీసి ఏడ్చింది. శవం ముందు ఆడమనిషి ఏమైనా అనొచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదు, స్నానాలు అయ్యాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఆ ఇంటి పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. ముప్పై ఏళ్లకు పైగా మింగిన మాట ఆమె ఆ ఒక్కరోజే అంది.

"గది పాట గాదురా. శవం మీద అన్న మాట శవంతోనే పోవాలె. నువ్వు దాన్ని కాటిలకెల్లి గుంజుకొచ్చి బరాత్‌ల ఎగిరిస్తివి."

"గట్లనకమ్మా. నీ బాధే జనానికి పట్టింది. ఎనిమిదేండ్లు మమ్మల్ని ఎవడన్న దేకిండా?"

"జనం ఏడ్చిండ్రా? ఎగిరిండ్రు. గా తన్నుడు ఎవరు నేర్పిండ్రు?"

వేణుగోపాల్ చీర కవరును వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆయనే, అత్తమ్మా," అంది పూజిత. "మేడ మీద బ్యాండు ఎల్లేషన్నకు చూపిస్తుంటే నేనే వీడియో తీసిన. నవ్వుకుంట తీసిన." అంటుంటే తన చేతులే తనకు మురికిగా అనిపించాయి.

"నువ్వు మామ పోయినంక ఈ ఇంటికొచ్చినవ్. నీకేం ఎరుక?" ఆండాలు కొడుకు వైపు తిరిగింది. "నీకు తెల్వదా? గాయన కుడికాలుతోనే తన్నేటోడని నీకు తెల్వదా? నిన్ను చూస్తె రోత పుడుతున్నది బిడ్డా. కన్నకొడుకువైనా సరే, ఆగుతలేదు."

ఫోను మోగింది. ఆల్బం తెచ్చిన కంపెనీ మనిషి కృపాకర్. అతని గొంతు బయటికి గట్టిగానే వినబడుతోంది. "వేణు భాయ్, మదర్‌ను ఆరింటికల్లా తీస్కరా. ఆమెను మధ్యల నిలబెట్టి, చుట్టూ మనమందరం స్టెప్పేద్దాం. మస్తుంటది!"

వేణుగోపాల్ తల్లిని చూశాడు. మధ్యలో ఆమె, చుట్టూ కాళ్లు.

"రాదన్నా. గా పాట తీసేయుండ్రి."

"దిమాక్ ఖరాబైందా? గదే లేకుంటే ఆల్బం ఎవడింటడు?"

"మిగిలిన ఏడు పాటలుంటయి. ఇనకుంటే మా కర్మ. మావోళ్లకు నేనే చెప్పుకుంట." ఫోను పెట్టేసి, తల్లి ముందు నేలమీద కూలబడ్డాడు.

"నాకు తెలుసమ్మా. బాపు నిన్ను కొట్టినప్పుడల్లా నేను లోపల కూసోని రేకుడబ్బా కొడుతుంటి. నీ ఏడుపు ఇనబడొద్దని. డప్పు కొట్టే చెయ్యి నాకు కుదిరింది గక్కడనే." తన అరచేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు గూడ గదే చేసిన. నువ్వేడిస్తే మీద డప్పేసిన."

ఆండాలు కళ్లు నిండాయి. అయినా చెయ్యి చాచలేదు.

"గప్పుడు నీకు ఆరేండ్లు. ఏం చేస్తవు? ఇప్పుడు ముప్పై నాలుగు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంట్ల గా రాగం తియ్యను. మాటలల్లనే చెప్త. అయిపోయేదాక ఇంటవా?"

"ఇంటనమ్మా."

"పెండ్లైన మూడో నెల. కూరల ఉప్పెక్కువైందని మొదటిసారి..."

మోకాలి మీద వేణుగోపాల్ వేళ్లు అలవాటుగా దరువు మొదలుపెట్టాయి. అతను గమనించి ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులనూ తొడల కింద గట్టిగా అణిచిపెట్టుకుని, తల్లి ముఖంలోకి చూస్తూ వినసాగాడు.