ఉత్తుత్తి రోగి

అంబులెన్సును పిలిపించుకునే వెబ్‌సైటుకి వెనకాల సర్వర్లో నడిచే ప్రోగ్రాం రాయడం ఆమె పని. అంబులెన్సు తోలడం వాళ్ళ అన్నయ్య పని. "నువ్వు తప్పు రాశావంటే నేను తిన్నగా చెరువులోకి దిగుతానే చిన్నీ" అని ఏడిపించేవాడు. అందుకే రాసిన ప్రతి ముక్కనీ విడిగా పరీక్షించి చూసుకోనిదే ఆమె కుర్చీలోంచి లేచేది కాదు.

ఆ సాయంత్రం ముసురు. ఆఫీసులో అందరూ వెళ్ళిపోయారు. తడిసిన కార్పెట్టు వాసన... సర్వర్ల గదిలోంచి సన్నటి హోరు. పరీక్ష కోసం ఆమె ఒక ఉత్తుత్తి రోగిని పుట్టించింది. ముసలాయన, ఊపిరాడట్లేదు. నోటికొచ్చిన వీధి, నోటికొచ్చిన ఇల్లు. బండి కూడా ఉత్తుత్తిదే. పరీక్ష మొదలవగానే ఆయన పుడతాడు, సాయం అడుగుతాడు, 'బండి బయల్దేరింది' అన్న జవాబు రాగానే చెరిగిపోతాడు. బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు.

పరీక్ష తప్పింది. రావలసిన జవాబుకి బదులు తెరమీద ఇంకోటి ఉంది.

'బండి రాలేదు.'

ఆ మాట ఆమె ఎక్కడా రాయలేదు. తోటివాళ్ళెవరో వేళాకోళం ఆడారనుకుని ప్రోగ్రామంతా గాలించింది. ఏమీ దొరకలేదు. మళ్ళీ నడిపింది.

'ఇందాక కూడా రాలేదు.'

వేలు దానంతటదే మీట నొక్కింది.

'ఎన్నిసార్లు పుట్టిస్తావు తల్లీ... ప్రతిసారీ ఊపిరాడకే పోతున్నాను.'

ఆమె కెవ్వుమంది. పరీక్షని సగంలోనే ఆపేసింది. ఆపేశాక తట్టింది... ముసలాయన్ని చెరిపే పని ఇంకా జరగలేదు.

ఫోను మోగింది. అన్నయ్య.

"ఇదేం వీధే చిన్నీ? మీ సైటు నుంచే పిలుపొచ్చింది. ఎవరో ముసలాయన, ఊపిరాడట్లేదట."

"అన్నయ్యా, అక్కడ ఇల్లే లేదు. వచ్చెయ్."

"లేకపోవడమేంటి? ఎదురుగానే ఉన్నా. తలుపే లేదు, నాలుగు వైపులా గోడే. లోపల ఎవరో గోకుతున్నారు."

"నీ కాళ్ళు పట్టుకుంటా. బండెక్కు."

"ప్రాణం పోతుంటే వదిలేసి రమ్మంటావా?"

బండిలో ఉండే గునపంతో గోడని కొడుతున్న దెబ్బలు వినిపించాయి. ఆమె ముసలాయన్ని చెరిపెయ్యమని సర్వర్‌కి చెప్పింది. జవాబు వెంటనే వచ్చింది.

'ఆ మనిషి ఇప్పుడు ఇక్కడ లేడు.'

ఫోనులో ఇటుకలు రాలాయి. తర్వాత... ఏ చప్పుడూ లేదు.

"గది ఖాళీనే," అన్నయ్య గుసగుసగా అన్నాడు. "వచ్చేస్తున్నా." బండి తలుపు పడింది. "చిన్నీ..."

"ఊఁ?"

"వెనక స్ట్రెచర్ మీద దుప్పటి... లేస్తోంది... పడుతోంది..."

అంతే. ఆమె గొంతు చించుకుని పిలిచింది. పలకలేదు.

తెల్లారాక బండి ఊరి చివర ఖాళీ స్థలంలో దొరికింది. చుట్టుపక్కల ఒక్క ఇటుక ముక్క కూడా లేదు. తలుపులన్నీ లోపల్నుంచి బిగించి ఉన్నాయి. పోలీసులు పగలగొట్టి చూస్తే అన్నయ్య చెప్పులు మాత్రం ఉన్నాయి.

ఎన్నాళ్ళు వెతికినా అన్నయ్య దొరకలేదు. బండిని షెడ్డులో పెట్టేశారు. అతని సామాను తెచ్చుకోవడానికి వదినతో కలిసి ఆమె అక్కడికి వెళ్ళింది. వెనక అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టి ఉంది. వదిన లోపలికెక్కి కొంగుతో తుడిచింది.

తుడిచినచోటే, చిన్న వలయంలా, మళ్ళీ ఆవిరి పట్టింది.