ఈగ గాలం

"ఎర లేకుండా చేప యాడన్నా పడతాదా?" అని సుంకులమ్మ అడిగిన రోజే మారెన్నకు నిద్ర కరువైంది.

సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్ర నీటిమట్టం రాసుకునే ఉద్యోగం అతనిది. ఎనిమిదేళ్ల కిందట దేశం విడిచి పోతూ ఇంజనీరు దొర తన గాలపుకర్రను అతనికిచ్చి, విసరడం నేర్పాడు. కొక్కేనికి పుంజు ఈక చుట్టి ఈగలా చేయాలి. పట్టుదారాన్ని ముందుకూ వెనక్కూ ఆడించి ఆ ఈగను నీటిమీద వాలించాలి. నిజం పురుగనుకుని చేప పైకొస్తుంది. ఇదంతా చెబితే, బెస్త పెద్ద ఈరన్న కూతురైన ఆ పిల్ల పకపకా నవ్వింది. మర్నాడు మాత్రం తమ పుంజు మెడ ఈకలు నాలుగు తెచ్చిచ్చింది.

నెల తిరక్కముందే, ఆమెను చూసుకోవడానికి ఆదివారం నందికొట్కూరు వాళ్లొస్తున్నారని తెలిసింది. తనకు చెప్పలేదని అతనలిగాడు. తనను అడగలేదని ఆమె అలిగింది.

శనివారం పైనుంచి వరద కబురొచ్చింది. మారెన్న ఏటి ఒడ్డు వాళ్లందరికీ తానే చెప్పాడు. ఈరన్న ఇంటికి మాత్రం మొహం చెల్లక పక్కింటివాళ్లతో చెప్పి పంపాడు. వాళ్లు మరిచిపోయారు.

చిక్కుపడిన వల విడదీయడానికి సుంకులమ్మ ఏట్లో బండమీదికి పోయింది. చూస్తుండగానే ఎర్రనీళ్లు చుట్టుముట్టాయి. ఆ వడికి పుట్టి పడవ నిలవదు. ఒడ్డునుంచి ఈరన్న విసిరిన మోకు సగం దూరమైనా పోలేదు.

మారెన్న గాలపుకర్ర తెచ్చాడు. బండ వైపు ఈగను విసిరాడు. మొదటిసారి దారాన్ని గాలి కొట్టేసింది. రెండోసారి నీళ్లు లాక్కుపోయాయి. ఆమె మోకాళ్లు మునిగాయి. మూడోసారి ఈగ ఆమె పైటకు తగులుకుంది.

అతను దారం ఈ కొసకు మోకు ముడివేశాడు. ఆమె దారాన్ని లాక్కుని, మోకు అందగానే నడుముకు బిగించుకుంది. మారెన్న, ఈరన్న కలిసి ఆమెను ఒడ్డుకు లాగారు.

వణుకు తగ్గాక ఆమె అడిగింది. "నాకు చెప్పేకి నోరు రాలేదా నీకు?"

"తప్పు నాదే. వరదొస్తాందని నేనే వచ్చి చెప్పాల్సింది."

"నేను అడుగుతాండేది వరద మాట కాదు."

మారెన్న ఆమె వైపు చూడలేక ఈరన్న వైపు తిరిగాడు. "మామా, నీ కూతురంటే నాకు శానా ఇష్టం. నాకియ్యి."

ఈరన్న తడి మోకును మెల్లగా చుట్టుకుంటూ కూతురి మొహం చూశాడు. ఆమె తలదించుకుంది గానీ కాదనలేదు.

"నందికొట్కూరోళ్లకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. "రేపు మీ యమ్మను పిల్చకరాప్పా."