పీత పగలగొట్టని గోడ

ఉమెదా స్టేషన్ ఫోన్ బూత్‌లో రిసీవర్ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని కింద మినోబె అలసిపోయి కూర్చున్నవాడిలా ఒరిగిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క తప్ప ఒంటి మీద చిన్న గీత లేదు. పక్క బూత్‌లో ఒకావిడ చెల్లెలి పెళ్లి భోజనం గురించి తాపీగా మాట్లాడుతోంది. ఉదయం రద్దీలో ఒసాకాలో ఎవరైనా చచ్చిపోతున్నా సరే, జనం తోసుకుంటూ పోవడమే.

మినోబె కవాసెమి సాఫ్ట్ అనే వీడియో గేమ్ కంపెనీలో బొమ్మలు గీసేవాడు. ఒక విదేశీ ముఠాకి అమ్ముడుపోయి, తర్వాత మనసు మార్చుకుని, సీక్రెట్ ఏజెంట్ కుగాకి ఫోన్ చేశాడు. కొత్త గేమ్ ప్రదర్శన కోసం చేసిన క్యాసెట్‌లో, పగిలే వస్తువు ఒకదాని వెనక, ముసలావిడ ఇల్లు తనే గీశానని, ఆవిడని చంపబోయేవాడు జనంలో కూర్చుని దాన్ని చూస్తాడని అన్నాడు. ఆ ఇంటి ఫోటో ఎవరిచ్చారో చెప్పబోతుండగా గొంతు ఆగిపోయింది.

ముసలావిడ అంటే ఇసురుగి గారు. జలాంతర్గాముల ఇంజనీరు. ఆవిడ సాక్ష్యంతో ముఠాలో సగం మంది జైలుకి పోయారు. మిగతా సగం ఆవిడ కోసం వెతుకుతున్నారు. ఆవిడని సముద్రం ఒడ్డు పల్లెలో దాచింది కుగాయే. అక్కడ కాపలా ఉన్న రోజుల్లో ఆవిడ వండి పెట్టినంత కమ్మటి తిండి అతను కన్నతల్లి చేతి మీదుగా కూడా తినలేదు. "నేనున్నంత కాలం మీ మీద ఈగ కూడా వాలదు" అని మాటిచ్చి వచ్చాడు.

నిశివాకి అనే సెక్షన్ చీఫ్ విసనకర్రతో బట్టతల మీద గాలి తోలుకుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఆవిడని ఇంకో చోటికి మార్చేద్దాం సార్" అన్నాడు కుగా.

"తుంటి ఎముక విరిగి మంచాన ఉంది. కదిలిస్తే చంపిన పాపం మనకే."

"కాపలా పెంచుదాం."

"పదిమంది కొత్త మగాళ్లు ఆ పల్లెలో దిగితే చేపలకి కూడా తెలిసిపోతుంది."

"పోనీ ప్రదర్శన ఆపేద్దాం."

"ఆపితే ఆవిడని చంపడానికి వచ్చేవాడు తప్పించుకుంటాడు. వాడి మొహం మనకి తెలీదు. రేపు జనంలో కూర్చుని తెర మీద ఆ ఇల్లు చూడబోతున్నాడు, అంతవరకే తెలుసు. ఈలోగా ఆ బొమ్మ ఆటలో ఎక్కడుందో పట్టుకో. లోపల రేయా ఉందిగా, సాయం చేస్తుంది."

శియోమి రేయా సెక్షన్ మనిషే. కొన్నాళ్లుగా ఆ కంపెనీలో ప్రచారం చేసే అమ్మాయిగా వేషం కట్టి ఉంది. ఆమె నడిచొస్తే లిఫ్ట్ ఎక్కబోయేవాళ్లు కూడా ఎక్కడం మరిచిపోయేవాళ్లు. ఇసురుగి గారిని దాచిన రోజు ఆవిడని వీపు మీద మోసింది కూడా ఆమే. కుగాకి ఆమె అంటే ఇష్టం. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు, ఆమెకి కూడా.

గేములో తప్పులు వెతికే గదికి కుగా కొత్త ఉద్యోగిగా వెళ్లాడు. ఆ గదికి పెద్ద నదా మచికో గారు. గొంతు విప్పితే కింది అంతస్తుకి వినబడుతుంది. ఆవిడ అతనికి రెండో రిమోట్ ఇచ్చి, తనతో కలిసి ఆడమంది. ఆటలో హీరో కనిమారు అనే పీత. పరిగెత్తాలి, దూకాలి, డెక్కలతో కుండలూ పెట్టెలూ ఇటుకలూ పగలగొట్టాలి. కుగా కుండల్ని జాగ్రత్తగా తప్పించుకుంటూ పోయాడు. నదా గారు ఆట ఆపేసింది.

"ఏం నాయనా, ఆ కుండలు మీ అత్తగారివా? వదిలేస్తున్నావ్?"

"వాటిలో ఏమీ లేదు కదండీ."

"ఉన్నా లేకపోయినా పగలగొట్టాలి. దాటిపోతే రాత్రికి నిద్రపడుతుందా ఎవరికైనా? ఇంకోటి, అలా వెనక నిలబడకు. నీ పీత కదిలితేనే తెర కదుల్తుంది. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చోవాల్సిందే."

ప్రదర్శన క్యాసెట్ ఉన్నది ఒక్కటే. అది రేయా దగ్గరుంది. సాయంత్రం ఆమె దాన్ని మొదటి నుంచి చివరి దాకా కుగా ముందే ఆడి చూపించింది. కనబడ్డ ప్రతి కుండా పగిలింది. ఏ ఇల్లూ కనబడలేదు. మినోబె భయంలో ఏదో వాగి ఉంటాడని ఆమె నవ్వింది. కుగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె చెప్తే నమ్మడం అతనికి అలవాటు.

చీఫ్ మాత్రం నమ్మలేదు. మర్నాడు కుగాని కనిమారు వేషంలో వేదిక ఎక్కించాడు. వేషం సెక్షన్ వర్క్‌షాప్‌లో తయారైంది. డిప్ప గట్టి ఫైబర్, కొమ్మల్లాంటి కళ్లలో కెమెరాలు, మూతి దగ్గర మైకు, చెవి దగ్గర స్పీకరు. లోపల ఉక్కకి చెమట కాళ్ల దాకా కారుతోంది. బయట వ్యాన్‌లో చీఫ్ టీవీ ముందు కూర్చున్నాడు. హాలు కిక్కిరిసి ఉంది. ఎర్ర గౌనులో, తలలో పొడవాటి వెండి పిన్నుతో రేయా వచ్చి రిమోట్ తీసుకోగానే ఈలలు మోగాయి.

ఆట మొదలైంది. ఆమె చేతులు తెర మీద కూడా చూడకుండా పనిచేస్తున్నాయి. జనంతో కబుర్లు చెబుతూనే ఒక్క కుండ వదలడం లేదు. ఖాళీదని తెలిసినదాన్ని కూడా వెనక్కి వెళ్లి మరీ పగలగొట్టింది.

అప్పుడు కుగాకి నిన్నటిది గుర్తొచ్చింది. గుహలో పగుళ్లున్న గోడ ఒకటి వచ్చింది. దాన్ని ఆమె ముట్టుకోలేదు. దాని మీదుగా దూకి వెళ్లిపోయింది. ఇలాంటి చెయ్యి మరిచిపోయి వదలదు.

ఇసురుగి గారిని మోసిన వీపు, ఫోటో ఇచ్చిన చెయ్యి ఒక్కరివే.

"సార్, రేయాయే" అన్నాడు మైకులో. "గుహ వచ్చేస్తోంది."

"వైరు పీకెయ్" అని, వెంటనే చీఫ్ మాట మార్చాడు. "వద్దు. పీకితే వాడు లేచి పోతాడు. వాడి మొహం కావాలి నాకు. ఎలాగోలా ఆలస్యం చెయ్."

కుగా కుడి డెక్క ఊడదీసి, బల్ల మీదున్న రెండో రిమోట్ అందుకుని స్టార్ట్ నొక్కాడు. తెర మీద చిన్న నీలం పీత ఊడిపడి, అక్కడే కూర్చుంది. తెర ఆగిపోయింది. గోడ అంచు కుడి పక్క కొంచెమే కనబడుతోంది.

జనం గొల్లుమన్నారు. నడవమని అరిచారు. నీలం పీత కదల్లేదు.

రేయా పెదాలు కదపకుండా అంది. "జరుగు కుగా."

"నాకు ఆట రాదని నీకు తెలుసుగా."

"నీకు తెలిసిపోయింది."

"ఆవిడ నీకు తన చేతి వంట పెట్టింది, రేయా."

ఆమె పీత కుండ ఎత్తి నీలం పీత మీదికి విసిరింది. ఒక ప్రాణం పోయింది. మళ్లీ విసిరింది. రెండోది పోయింది. జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. కుగా తన కళ్లకొమ్మల్ని మెల్లగా హాలంతా తిప్పాడు. నవ్వే మొహాలు, అరిచే మొహాలు. స్తంభం పక్కన నవ్వని మొహం ఒకటి. తెర కుడి అంచుకి గురిపెట్టిన కెమెరా, మీట మీద వేలు.

"స్తంభం పక్కన, బూడిదరంగు కోటు."

"చూశాం. మనవాళ్లు వెళ్తున్నారు."

మూడో కుండ లేచింది. నీలం పీత చివరి ప్రాణం కూడా పోయింది. తెర కదిలింది. గోడ మొత్తం కనబడింది. రేయా పీత డెక్క ఎత్తింది. పగుళ్లు విచ్చుకున్నాయి.

"దొరికాడు" అంది చెవి దగ్గర స్పీకరు.

కుగా వైరు మీద పడ్డాడు. తెర నల్లబడింది. రేయా తలలోంచి వెండి పిన్ను లాగి అతని వీపులో బలంగా పొడిచింది. మినోబె మెడలో దిగిన సూది ఫైబర్ డిప్ప మీద పుటుక్కున విరిగింది. ఆమె విరిగిన ముక్కని చూస్తూ నిలబడిపోయింది. ఆమెని తీసుకెళ్తుంటే జనం అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. కుగా వేషం తలకాయ తియ్యలేదు. అతని మొహం ఎవరూ చూడకూడదు, ముఖ్యంగా ఆమె.

కేసు ముగిశాక అతను ఆ క్యాసెట్ పట్టుకుని పల్లెకి వెళ్లాడు. ఇసురుగి గారు మంచం మీద దిండ్లకి ఆనుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని ఆడింది. కళ్లజోడు ముక్కు మీదికి జారుతున్నా ఒక్క కుండ వదల్లేదు. గుహలో గోడ పగలగొట్టింది. వెనక ఆవిడ ఇల్లు, కిటికీ, కిటికీకి అల్లుకున్న పూలతీగ కనిపించాయి.

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని తెరకేసి చూసింది. భయపడుతుందేమోనని కుగా టీవీ ఆపబోయాడు.

"ముఠా అని గొప్పగా చెప్పుకుంటారు గానీ" అంది ఆవిడ, "నా పూలు తెల్లవని కూడా తెలీదు, ఊదా రంగు వేసి చచ్చారు. దీన్ని పట్టుకుని వచ్చినవాడు ఊదా పూలున్న పక్కింటి తలుపు కొట్టేవాడు."