వెనక నుంచి పిలిస్తే

ఆ ఉదయం కూడా గంట గట్టిగానే మోగింది.

గోడగూట్లో ఉన్న తల్లి ఫోటో ముందు మిసావో రోజూ గిన్నెడు అన్నం పెట్టి, చిన్న ఇత్తడి గంట ఒకసారి కొట్టి దణ్ణం పెట్టుకుంటుంది. ఐదేళ్ళ కిందట కజుమా ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన కొత్తలో ఆ గంట పక్క గదిలోకి వినీ వినబడనట్టు వచ్చేది. ఈ మధ్య పోట్లాటకి పిలిచినట్టు మోగుతోంది. కొట్టాక కూడా ఆమె వెంటనే లేవదు. గంట అంచుకి వేలు ఆనించి కాసేపు అలాగే కూర్చుంటుంది. తన మీద కోపమంతా గంట మీద తీర్చుకుంటోందని కజుమా అనుకున్నాడు. మగవాళ్ళకి అంతకు మించి తోచదు.

గొడవకి కారణం లేకపోలేదు. కోజిమాలో వాళ్ళది పాత నేతిల్లు. పెరటి షెడ్డులో నాలుగు పాత మరమగ్గాలున్నాయి, అడ్డపోగుని, అంటే పేకని, ఇంకా అటూ ఇటూ పరిగెత్తే నాడె మోసే రకం. చెడితే బాగుచేసేది కజుమాయే. ఊరి చివర పెద్ద మిల్లులోని కొత్త యంత్రాలకి నాడెలతో పనే లేదు, వీళ్ళ నెల పని అవి ఒక్క రోజులో చేసి పడేస్తాయి. అయినా ఈ నాలుగింటి మీద నేసిన నీలిబట్టలోని గరుకు, దారంలో ఎత్తుపల్లాలు, ఆ సన్నటి ఎర్ర అంచు కోసం జీన్స్ పిచ్చి ఉన్నవాళ్ళు ఏడాదైనా ఆగుతారు. ఇప్పుడు పైదేశం నుంచి పెద్ద ఆర్డరొకటి వచ్చింది. ఇబారాలో మూతపడ్డ మిల్లు నుంచి అలాంటివే మరో నాలుగు మగ్గాలు తెప్పిస్తున్నాడు కజుమా. ఆ లారీ ఇవాళే వస్తుంది.

"పదింటికల్లా లారీ వచ్చేస్తుంది మామయ్యా. గేటు ముందున్న మీ స్కూటరు కాస్త పక్కకి పెట్టండి," అన్నాడు, చారు గిన్నె దించుతూ.

మామగారు ఇసాకు ఎండుచేప ముల్లు తీస్తున్నాడు. జీవితమంతా దారానికి నీలిమందు అద్దిన మనిషి. పని మానేసి ఏళ్ళయినా గోళ్ళ మూలల్లో నీలం పోలేదు.

"వచ్చిన దారినే పోతుంది. నా గడప లోపలికి ఇంకో మగ్గం రాదు. ఉన్నవి కూడా తీసుకుపొమ్మని పాత ఇనుము వాడికి చెప్పేశాను."

"ఇనుము వాడికా?"

"మరి బంగారు కొట్టువాడికి చెప్పమంటావా?"

"ఊళ్ళో వాళ్ళంతా అలాంటి మగ్గం ఒక్కటి దొరికితే చాలనుకుంటుంటే మీరు..."

"ఆ ఆర్డరేదో పెద్ద మిల్లుకి ఇచ్చెయ్. కంప్యూటరు పెట్టి ఆ ఎత్తుపల్లాలు కూడా వాళ్ళే నేస్తారటగా."

"అదీ ఒక బట్టేనా మామయ్యా? లెక్క కట్టి పెట్టిన ఎత్తుపల్లాలు. దొంగ ఏడుపు లాంటిది."

"ఏడుపైతే అయింది. ఎవరి కొంపా ముంచదు కదా."

కజుమా సింకు దగ్గరున్న భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు మిసావో, మీ నాన్నకి."

ఆమె గిన్నెలు కడుగుతూనే ఉంది. కుళాయి కట్టేసి, చివరి గిన్నె తుడిచి బోర్లించి, వెనక్కి తిరగకుండానే షెడ్డు వైపు వెళ్ళిపోయింది. కజుమా మొహం మాడిపోయింది. మామగారు మళ్ళీ చేప మీదకి వంగాడు.

నెల రోజులుగా ఇదే వరస. పిలిస్తే పలకదు, అడిగితే బదులివ్వదు. ఎదురుపడినప్పుడు మాత్రం మామూలుగానే నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే అతనికి మరీ ఒళ్ళు మండేది.

కజుమా ఒసాకాలోని ఒక బట్టల కొట్టు తరఫున సరుకు చూడటానికి మొదటిసారి ఈ షెడ్డులో అడుగుపెట్టాడు. నాలుగు మగ్గాలూ ఆడుతుంటే పక్కనున్నవాడి అరుపు కూడా వినబడదు. నేతిళ్ళ ఆడవాళ్ళు గొంతు వాడరు, పెదవులతో మాట్లాడుకుంటారు. మిసావో తెగిన పడుగుపోగు ముడివేస్తూనే అటువైపున్న నాన్నకి టీ పెట్టమని చెప్పడం, ఆయన తల ఊపడం చూసి అతను మురిసిపోయాడు. ఆ భాష నేర్చుకోవడానికే పనున్నా లేకపోయినా వచ్చేవాడు. పెళ్ళి మాట అడిగింది కూడా ఆ మోతలోనే. ఆమె ఏమందో మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తను మాట్లాడుతున్నంతసేపూ ఆమె తన పెదవులకేసే చూస్తుందని అతనికి ఎంత గర్వమో.

పది దాటుతుండగా గేటు దగ్గర మామా అల్లుళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. స్కూటరు ఉన్నచోటే ఉంది. బయట సందులో మిసావో తడి బట్టముక్కలు తీగ మీద ఆరేస్తోంది. కొత్త బట్ట ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చూడటానికి తడిపిన ముక్కలవి.

"స్కూటరు తియ్యండి మామయ్యా."

"తియ్యను."

"మీ ఇంటిపేరు పెట్టుకున్నాను నేను. మా నాన్న సమాధి మీదున్న పేరు ఇప్పుడు నాది కాదు. ఎవరికోసం వచ్చాను? మీ అమ్మాయి కోసం, ఆ మగ్గాల కోసం. మగ్గాలు ఇనుము కింద అమ్ముతానంటున్నారు. మీ అమ్మాయా, ఎంత పిలిచినా పలకదు. ఈ ఇంట్లో నేనెవర్ని? జీతగాడినా?"

ఇసాకు నెమ్మదిగా అడిగాడు. "ఎటు నుంచి పిలిచావు?"

"ఏంటి?"

"పిలిచానంటున్నావుగా. ముందు నుంచా, వెనక నుంచా?"

కజుమాకి ఆ ప్రశ్నేమిటో బోధపడలేదు. ఈలోగా లారీ సందులోకి తిరిగింది. టార్పాలిన్ కింద మగ్గాలు కనబడుతున్నాయి. సందు మధ్యలో మిసావో నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె బట్టముక్క మడత సరిచేసి క్లిప్పు పెట్టింది. డ్రైవరు ఈసారి హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. షెడ్డులోని మగ్గాల మోతని మించి మోగింది. చివరికి లారీ ఆపేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మా, చెవుడా ఏంటి? పక్కకి జరగవేం?"

వాడు విసుగులో అన్న మాటే. కజుమాకి మాత్రం మామగారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాడు.

"మిసావో," అన్నాడు.

ఆమె ఇంకో ముక్క దులిపి తీగ మీద వేసింది.

"మిసావో." ఈసారి దాదాపు అరిచాడు.

అతని నీడ బట్ట మీద పడ్డాక ఆమె ఉలిక్కిపడి తిరిగింది. నవ్వింది. "ఎప్పుడొచ్చారు? అయ్యో, లారీ కూడా వచ్చేసిందే. చూడనేలేదు." ఆమె చూపు అతని కళ్ళ మీద లేదు, పెదవుల మీద ఉంది.

అతను ఆమెని పక్కకి జరిపి గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. ఇసాకు స్కూటరు సీటు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"మీ అత్తగారికీ ఇలాగే అయింది," అన్నాడు. "ఆ మోతలో పెదవులతోనే కదా బతుకు. ఎప్పుడు వినబడటం మానేసిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఈ సందు మొదట్లోనే వెనక నుంచి లారీ వచ్చింది. హారన్ కొడుతూనే ఉన్నానన్నాడు డ్రైవరు. కొట్టే ఉంటాడు."

లారీ కింద పడి పోయిందని మాత్రమే కజుమాకి తెలుసు. ఇది తెలియదు.

"మగ్గాలు అప్పుడే వదిలించుకోవాల్సింది. ఆవిడ నేస్తున్న బట్ట సగంలో ఉండిపోయింది. అమ్మ బట్ట నేను పూర్తి చేస్తానని మిసావో కూర్చుంది. అలా కూర్చున్నదే."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే నువ్వు మగ్గాలు ఆపేస్తావట. పేరు కూడా వదులుకుని వచ్చినవాడివి, అవి కూడా పోతే నీకు ఈ ఊళ్ళో ఏం మిగులుతుందని ఏడ్చింది. అందుకే ఇనుము వాడిని పిలిచాను. నువ్వు నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నావు, ఒట్టు దక్కుతుంది, పిల్లా దక్కుతుంది అనుకున్నాను."

కజుమా డ్రైవరు దగ్గరికి వెళ్ళి, వంగి వంగి క్షమాపణ చెప్పి, లారీని వెనక్కి పంపేశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళాడు.

ఒక్కొక్క మగ్గమే ఆపుకుంటూ వచ్చాడు. చివరిది ఆగేసరికి కప్పు మీద కాకి నడుస్తున్న చప్పుడు కూడా వినబడింది. ఆ మగ్గం మీద బట్ట సగంలో ఉంది. కత్తెర తీసుకుని పడుగు అడ్డంగా కత్తిరించడం మొదలుపెట్టాడు. తన చేతులతో ఎక్కించిన పడుగు అది. పోగులు జారిపోతుంటే తన చెయ్యే కోసుకుంటున్నట్టు అనిపించింది.

మిసావో పరిగెత్తుకుంటూ వచ్చింది. "నేల అదరడం ఆగిపోయింది. ఏం తెగింది?" ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఎంత పెద్దదైపోయిందో అతనికి మొదటిసారి తెలిసింది.

కత్తెర చూసి ఆగిపోయింది. "నాన్న చెప్పేశాడా?" అంది.

"లారీ డ్రైవరు చెప్పాడు. ఈ బట్ట సగంలోనే ఉంటుంది మిసావో. దీన్ని ఎవరూ పూర్తి చెయ్యరు."

"మరి మీరేం చేస్తారు?"

"పెద్ద మిల్లులో అడుగుతాను. మగ్గం బాగుచేసే చేతులు వాళ్ళకీ కావాలి."

"ఆ దొంగ ఏడుపు బట్ట దగ్గరా?"

"ఆ మాట పొద్దున్నే అన్నాను కదా. విన్నావా?"

"కిటికీ అద్దంలో మీ నోరు కనబడింది." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "రోజూ గంట కొట్టి చూసుకుంటున్నానండీ, ఎంత మిగిలిందో అని. ఇవాళ వేలికి తెలిసింది గానీ చెవికి తెలియలేదు. అమ్మ గంట పోతే పోయింది. మీ గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతున్నాను. నా భయమంతా అదే."

కజుమా కత్తెర కింద పెట్టాడు. ఐదేళ్ళ కాపురంలో ఆమెను పేరు పెట్టి నోరారా ఎన్నిసార్లు పిలిచాడో ఆలోచిస్తే గుర్తుకు రాలేదు. అంతా పెదవులే. ఆ మోతలోనే అన్నీ చెప్పేసుకున్నామనుకున్నాడు.

"కుడివైపు ఇంకా కొంచెం ఉంది," అంది మిసావో. "మగ్గాలు ఆగాయిగా. పిలిచి చూడండి."

అతని పెదవులు కనబడకుండా కళ్ళు మూసుకుంది. అతను పిలిచాడు. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. దగ్గరికి జరిగి, ఆమె కుడి చెవికి నోరు ఆనించి మళ్ళీ పిలిచాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు జారాయి.

"ఇంకోసారి," అంది, కళ్ళు తెరవకుండానే.

అతను ఇంకోసారి పిలిచాడు.