బోణీ కాని పక్క సీటు

పన్నెండేళ్లపాటు ఊళ్లోవాళ్ల జీపులు తోలిన ఓబయ్య, తొంభై ఎనిమిది ఎండాకాలంలో నంద్యాలకు పోయి సొంత జీపు తోలుకొచ్చాడు. సరికొత్తది. కింద ఎక్కడా నూనె మరక లేదు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అట్లాగే ఉన్నాయి. ముందర రెండే సీట్లు, పక్కపక్కన. మధ్యలో రెండు గేరు కర్రలు. పెద్దది మామూలు గేరు. పొట్టిదాన్ని లాగితే నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టు పడతాయి. నల్లమలలో ఇసుక వంకలు దాటాలన్నా, రాళ్ల దారులు ఎక్కాలన్నా ఆ పొట్టి కర్రే దిక్కు. తారు రోడ్డు మీద దాంతో పనే లేకపోయినా శిరివెళ్ల దాటేలోపల ఓబయ్య దాన్ని నాలుగుసార్లు తడిమి చూసుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా ఉంది అతని సంబరం.

ఆళ్లగడ్డలో ఇంటి ముందు బండి ఆగీ ఆగకముందే భార్య సుగుణమ్మ ఎర్రనీళ్లు దిష్టి తీసి పారబోసింది. పక్క సీటు మీద కొత్త గుడ్డ పరిచి, టెంకాయ, నిమ్మకాయలు పెట్టింది.

"శనివారం అహోబిలంలో పూజ. అంతవరకు ఈ సీట్లో ఎవర్నీ కూచోబెట్టాకు. బోణీ స్వామిదే," అంది.

ఆమె చెప్పకపోయినా ఓబయ్యకు తెలుసు. మొదట ఎవరెక్కితే బండికి ఆ రాతే పడుతుందని అక్కడి డ్రైవర్ల నమ్మకం. పెళ్లికూతురు ఎక్కితే బండికి అన్నీ పెళ్లి బేరాలే. రోగి ఎక్కితే ఆసుపత్రి బేరాలు. నెత్తురు పడిందా, ఆ బండి ఇక నెత్తురే వెతుక్కుంటూ పోతుందని పాత డ్రైవర్లు చెప్పేవాళ్లు. పూజ అయ్యాక ఎవరెక్కినా ఏమీ కాదట. కాబట్టి ఆ నాలుగు రోజులూ జాగ్రత్తగా ఉండాలి.

ఉంటే బాగుండేది. గురువారం పొద్దున్నే అతనికి కాలు ఆగలేదు. ఒక్కసారి అడవి దారి చూసొస్తానని సీటు మీది గుడ్డ, టెంకాయ, నిమ్మకాయలు జాగ్రత్తగా ఇంట్లో పెట్టి బయల్దేరాడు. పాత జీపుల్లో ఇంజిన్ మోతకు పక్కమనిషి మాట కూడా వినిపించేది కాదు. ఇందులో చెట్ల మీది పిట్టల అరుపులు వినబడుతున్నాయి. ఎండకు వేడెక్కిన రబ్బరు, పెయింటు కలిసిన కొత్త వాసన. వంకలోకి దిగి పొట్టి కర్ర లాగాడు. మెత్తగా పడింది. మోకాలి లోతు ఇసుకలోంచి జీపు చిన్న జారుడు కూడా లేకుండా ఒడ్డెక్కింది. ఓబయ్య ఒక్కడే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే చెంచు గూడెం మలుపులో బయ్యమ్మ పరుగెత్తుకొచ్చి బండికి అడ్డం నిలబడింది.

"ఓబయ్యన్నా! తేనెకని పోయి మా ఆయప్ప చరియ మీంచి పడ్నాడు. ఊపిరుండాది. బేగా ఎక్కించుకోన్నా!"

ఆమె మొగుడు లక్ష్మన్నను గూడెంవాళ్లు అంతవరకు మోసుకొచ్చి దారి పక్కన పడుకోబెట్టారు. ప్రతి ఏడూ ఓబయ్య ఇంటికి సీసాడు తేనె తెచ్చిచ్చే మనిషి. చెవిలోంచి నెత్తురు కారుతోంది. చొక్కా నిండా తేనె, పొగ వాసన. కళ్లు తెరిచి జీపు వైపు చూశాడు.

"కొత్తదా అప్పా? బాగుండాది," అన్నాడు.

ఓబయ్య కూడా జీపు వైపే చూశాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఎండకు తళతళలాడుతోంది. అతని కళ్లకు ఆ కవరు, ఈ నెత్తురు రెండే కనబడ్డాయి. మనిషి కనబడలేదు.

"గేరు పడ్లేదమ్మా, కొత్త బండి మొండికేస్తాంది," అన్నాడు. "బరువెక్కితే వంకలో దిగబడతాది. నేనొక్కణ్ణే పోయి ఆసుపత్రి బండిని తోలిస్తా. మీరు ఈడే ఉండండి. కదిలిచ్చాకండి, ప్రాణానికే మోసం."

ఆ ఆఖరి మాట అనకపోయినా ఒక దారి ఉండేది. గూడెంలోని నలుగురూ దుప్పటికి కర్ర కట్టి లక్ష్మన్నను తారు రోడ్డుకు మోసుకుపోయేవాళ్లు. ఏదో ఒక బస్సు దొరికేది. కానీ బండ్లు తెలిసిన మనిషి చెప్పాడని బయ్యమ్మ నమ్మింది. చేతులెత్తి మొక్కింది.

ఆళ్లగడ్డ చేరేవరకు ఆసుపత్రికి పోవాలనే అనుకున్నాడు ఓబయ్య. ఆసుపత్రి మలుపు దగ్గరికి రాగానే, "నీ జీపులోనే ఏల తేలేదు?" అని అడుగుతారేమోనని తోచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే భయపడి బండిని ఇంటికి తిప్పాడు. ఆ దారిలో ఇంకో బండి పోకపోదులే అని మనసుకు సర్ది చెప్పుకున్నాడు. అన్నం తిన్నాడు. జీపు తుడుచుకున్నాడు. పొద్దు వాలాక ఉండబట్టలేక, చర్చి వీధిలో ఉండే తోటి డ్రైవరు పౌలుకు చెప్పాడు. పౌలు చేతిలో గ్లాసు కింద పెట్టి అప్పటికప్పుడు తన పాత జీపు తీశాడు.

చీకటి పడ్డాక వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"మనిషి చల్లబడి శానా సేపయిందన్నా. ఆయమ్మ దోవకల్లే చూస్తా కూచోనుండాది. కదిలిచ్చాకని నువ్వే చెప్పినావంట. ఎవర్నీ తాకనియ్యలా."

ఓబయ్య ఆ రాత్రి గోడకు తిరిగి పడుకుని ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో సుగుణమ్మకు చెప్పలేదు.

శనివారం పూజ జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. గుమ్మడికాయ పగిలింది. పూజారి సీటుకు కుంకుమ బొట్టు పెట్టి, "ఇక నిశ్చింతగా తిప్పుకో నాయనా" అన్నాడు.

ఆదివారం మొదటి బేరం. ఎగువ అహోబిలానికి పోయే అయిదుగురు యాత్రికులు. అందరూ వెనకకే పోయి ఇరుక్కుని కూర్చున్నారు.

"ముందర సీటు ఖాళీగా ఉండాది, రా అవ్వా," అన్నాడు ఓబయ్య, అందరికన్నా పెద్దామెతో.

ఆమె గొంతు తగ్గించింది. "పెద్దాయన పండుకోనుండాడు గదప్పా. లేపాకులే."

ఓబయ్య పక్కకు చూశాడు. సీటు ఖాళీ. కానీ మధ్యలో కొంచెం కుంగి ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ కవరు చిటపటమంటోంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. సగం ఎత్తు ఎక్కేసరికి పొగ వాసన మొదలైంది. తర్వాత తేనె వాసన. ఇంటికొచ్చి కవరు పీకి పారేశాడు. సబ్బు పెట్టి సీటు కడిగాడు. తెల్లారి చెయ్యి పెడితే బంకగా తగిలింది. సోమవారం వచ్చినవాళ్లూ వెనకే కూర్చున్నారు. మంగళవారం వాళ్లూ అంతే. ఎందుకని అతను అడగలేదు.

శుక్రవారానికి ఓబయ్యకు ఒక్కటే దారి మిగిలింది. బయ్యమ్మకు నిజం చెప్పాలి. తిడితే పడాలి, కొడితే పడాలి, కాళ్లు పట్టుకోవాలి. ఆమె తనను మొక్కిన ఆ రెండు చేతులు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చెప్పకపోతే ఆ తప్పు తనను బతకనివ్వదు.

పొద్దు గూకే వేళకు అడవి దారి పట్టాడు. వేడిగాలి ఆగిపోయింది. టేకు ఆకులు చక్రాల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. వంక దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. లైట్ల వెలుగులో ఇసుక తెల్లగా పరుచుకుని ఉంది. పోయిన వారం జారుడు లేకుండా దాటిన చోటే జీపు దిగబడింది. చక్రాలు ఊరికే తిరిగాయి. ఇంజిన్ ఆగిపోయింది.

నిశ్శబ్దం.

పిట్ట లేదు... పురుగు లేదు... తన ఊపిరి ఒక్కటే.

కాదు.

ఇంకో ఊపిరి కూడా ఉంది. ఎడమ పక్కన. తడిగా, గురగురమంటూ... ఆగి ఆగి...

ఓబయ్య తల తిప్పలేదు. తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. పొట్టి కర్ర కోసం చెయ్యి చాపాడు. అతని చెయ్యి ఇంకా తగలనేలేదు...

కర్ర దానంతటదే వెనక్కి వచ్చింది. మెత్తగా.

చెవి పక్కన ఎవరో చాలా నెమ్మదిగా అన్నారు.

"పడింది గదప్పా... గేరు..."

జీపు ఇసుకలోంచి లేచింది. ఒడ్డెక్కింది. ఆ తర్వాత గూడెం వరకు ఎట్లా తోలాడో అతనికే తెలియదు. గుడిసె ముందు దూకి నిలబడ్డాడు. బయ్యమ్మ బుడ్డీ దీపం పట్టుకుని బయటికి వచ్చింది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

ఓబయ్య ఆమె కాళ్ల ముందు కూలబడ్డాడు.

"బయ్యమ్మా, ఆ పొద్దు గేరు బాగానే పడింది. సీటుకు నెత్తురైతాదని అబద్ధం చెప్పినా. ఆసుపత్రి కాడికి కూడా పోలేదు. కదిలిచ్చాకండని చెప్పి నేనే సంపినా తల్లీ. నన్ను ఏమన్నా చెయ్యి."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు.

"తెలుసు గదన్నా," అంది. "రోజూ ఇదే చెప్తాండావు."

"ఎవరు?"

"నువ్వే. దీపం పెట్టే యాళకు ఇద్దరూ జీపు దిగుతారు. ఆయప్ప పక్కన కూచుంటావు. ఈ మాటే చెప్పి ఏడుస్తావు. తిని పోతావు."

"నేనా? ఆ పొద్దు పోయినాక ఈడికి రావడం ఇదే మొదులు, బయ్యమ్మా..."

జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్టు చూసిందామె అతన్ని. దీపం గుడిసెలోకి ఎత్తి పట్టింది. లోపల నేల మీద రెండు విస్తళ్లు, పక్కపక్కన. ఒకదాంట్లో సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండోదాంట్లో సగమే మిగిలింది. దాని అంచున వేళ్లతో ఊడ్చిన గుర్తులున్నాయి.

"ఈ పొద్దు సగంలోనే లేసి బయటికొస్తివి. చెయ్యి కూడా కడుక్కోలా," అందామె. మూలనున్న చెంబు తీసుకుంది. "పట్టు, నీళ్లు పోస్తా."

ఓబయ్య కుడిచెయ్యి దీపం వెలుగులోకి తెచ్చి చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో సంగటి ఇంకా వెచ్చగానే ఉంది.