నాలుగో మేకు

తెనాలిలో మా ఫ్లెక్సు షాపులోకి వచ్చి, తడిసిన గొడుగు నా కీబోర్డు మీదే పెట్టిన మొదటి మనిషి కరుణశ్రీ.

"అజయ్ బాబు మీరేనా?"

"నేనేనండి. ఆ గొడుగు కాస్త..."

"రేపల్లె అవతల, పెనుమూడి దారిలో మా చర్చికి ప్రభువు ఫ్లెక్సు చేసింది మీరేనా?"

"అవునండి. బాగా వచ్చింది కదా."

"ఏడ్చినట్టు వచ్చింది. ఆయన గుండె మీద వాటర్‌మార్కుంది. చూసుకున్నారా అసలు?"

చూసుకోలేదు. ఫోన్లో పెద్దది చేసి చూపించింది. నీలి కళ్ళ ప్రభువు తెల్లటి అంగీ మీద ఏదో వెబ్‌సైటు పేరు పల్చగా, అడ్డంగా ఉంది. రెండు నిమిషాల్లో డౌన్‌లోడ్ చేసిన బొమ్మ అది. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"మళ్ళీ ప్రింటు తీసిస్తాను లెండి. దానికి ఇంత గొడవ దేనికి?"

"మీ ప్రింటు ఎవరికి కావాలండీ? దాన్ని మా తాత వేసిన బొమ్మ మీద పెట్టి మేకులు కొట్టారు."

అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుంది. వాళ్ళ తాత చిన్నయ్య పొలం కూలి. పని లేని రోజుల్లో చర్చి గోడ మీద, ప్రభువు శిష్యుల కాళ్ళు కడుగుతున్న బొమ్మ వేశాడు. ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆ గోడ చూస్తూ కుంచె పట్టడం నేర్చుకున్న కరుణశ్రీ ఇప్పుడు బాపట్లలో డ్రాయింగ్ టీచరు. ఈ ఆదివారం చర్చికి వందేళ్ళ పండగ, బిషప్ గారు వస్తున్నారు. నల్లటి ప్రభువు, బురద కాళ్ళు ఆయన కంట పడకూడదని కమిటీ సెక్రటరీ జాన్ బాబు గారు ఫ్లెక్సు కప్పించారు. సోమవారం గోడ చెక్కేసి టైల్సు వేస్తారట.

"కమిటీతో మాట్లాడలేకపోయారా?"

"మాట్లాడాను. డ్రాయింగ్ టీచరువి, నీకేం తెలుసన్నారు. బొమ్మ గురించి నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుందండీ?"

కళ్ళలో నీళ్ళు, ముక్కు మీద కోపం. నాకు ఒళ్ళు మండింది, జాన్ బాబు గారి మీద సగం, నా మీద సగం. ఆదివారం నేనే వచ్చి ఆ ఫ్లెక్సు తీసేస్తానన్నాను.

ఆదివారం పొద్దున్నే కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకుని బండి తీశాను. వాన. చర్చి ముందు బండి బురదలో దిగబడితే తోసుకుంటూ వెళ్ళాను. గుమ్మంలో కరుణశ్రీ నిలబడి ఉంది.

"నిజంగానే వచ్చారే," అంది. ఆ ఒక్క చూపుకి వానంతా మర్చిపోయాను.

మూడు మేకులు వచ్చాయి. ప్రభువు చేతిలో దిగిన నాలుగోదాని తల విరిగి, మొన లోపలే ఉండిపోయింది. ఫ్లెక్సు జారి కింద పడింది. పంచె ఎగ్గట్టి, గొంతుక్కూర్చున్న నల్లటి ప్రభువు కనిపించాడు. ఆయన అరచేతిలో చిన్న పాదం, పగిలిన మడమ, బురద, సగం తెగిన కాలి చిటికెన వేలు. పక్కనే వరసగా ఇంకొన్ని కాళ్ళు.

"ఇది ఆడమనిషి కాలు కదా?"

"మా నాయనమ్మది. కొడవలి తగిలి వేలు తెగింది. శిష్యుడి కాలు గీయాలంటే తాతకి ఆవిడ కాలే గుర్తొచ్చింది."

ఇలాంటి బొమ్మ మీదా నేను వాటర్‌మార్కు కప్పించింది!

వెనక నుంచి జాన్ బాబు గారి గొంతు వినిపించింది. "ఎవడు దింపమన్నాడు? బిషప్ గారు వచ్చేస్తున్నారు. ముందు పైకి కట్టు."

"కట్టను సార్. అది ఎవరిదో ఎత్తుకొచ్చిన బొమ్మ. ఇది మీ ఊరి మనిషి చేత్తో వేసింది."

"కూలోడి బొమ్మ చూపించి పరువు తీసుకోమంటావా?"

కరుణశ్రీ నోరు తెరిచేలోపు వాళ్ళ నాయనమ్మ రూతమ్మ లోపలికి వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, నెమ్మదిగా నడిచి గోడ కింద కూర్చుని, కాలు చాపింది. గోడ మీద కాలు, నేల మీద కాలు ఒకటే.

"జాన్ బాబూ, మీ అమ్మా నేనూ ఒకే మడిలో నాట్లేశాం నాయనా. గోడ మీద నా కాలి పక్కనున్న ఆ కాళ్ళు ఎవరివనుకున్నావు?"

ఆయన వంగి చూశాడు. ఎడమ మడమ మీద కాలిన మచ్చ. "అమ్మది," అంటూ దాన్ని వేలితో తడిమాడు. తర్వాత బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, "టైల్సు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి," అంటూ బయటికి నడిచాడు.

ఆరాధన అయ్యాక కరుణశ్రీ మేకుల బొక్కలు పూడ్చి రంగు వేస్తుంటే నేను డబ్బా పట్టుకున్నాను. నాలుగో మేకు మొన కోసం మళ్ళీ ప్లేయరు తీశాను.

"ఉండనీ అబ్బాయ్," అంది రూతమ్మ. "ఆయనకి మేకులు కొత్తా?"

ప్లేయరు జేబులో పెట్టేశాను. ఆవిడ మాటిచ్చిన ధైర్యంతోనే కాబోలు, కరుణశ్రీ వైపు తిరిగి చెప్పేశాను.

"మీరంటే నాకిష్టమండి. షాపులో తిట్టినప్పట్నుంచీ."

కుంచె ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "మా నాయనమ్మ ముందు చెప్తారా ఎవరైనా?"

రూతమ్మ నా మొహం చూడలేదు. మోకాళ్ళ దాకా బురదైన నా కాళ్ళే చూసింది.

"పనికొచ్చే కాళ్ళేనే. నువ్వు నీళ్ళు పొయ్యి, నేను అన్నం పెడతాను."

కరుణశ్రీ సణుక్కుంటూ చెంబు తెచ్చి నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది.

"ఊరికే అనుకోకండి," అంది తల ఎత్తకుండా. "రేపట్నుంచి నా కాళ్ళకి మీరు పొయ్యాలి."